పెరట్లో వేసవి కూరగాయల విత్తనం ఎప్పుడు వేయాలి?



సంక్రాంతి పండుగ వెళ్ళగానే చాలా ఇళ్ళలో ఒక ప్రశ్న వస్తుంది. "బెండ, బీర, సొర విత్తనాలు ఇప్పుడే వేసేయాలా, ఇంకా కొన్నాళ్ళు ఆగాలా?" కొందరు పండుగ మరునాడే వేస్తారు. కొందరు శివరాత్రితో చలి పోతుందని అప్పటిదాకా ఆగుతారు. మరికొందరు పిల్లల పరీక్షలు, పెళ్ళిళ్ళు, ఈస్టరు పండుగ అన్నీ అయ్యాక ఏప్రిల్‌లో మొదలుపెట్టి, ఒక్క పిందె కూడ నిలవలేదని బాధపడతారు. నాటే పనికి కూడ ఒక సమయమున్నదని ప్రసంగి గ్రంథము మనకు గుర్తుచేస్తున్నది. ఆ సమయాన్ని మన ఇంటి దగ్గర, మన నేలలో, మన నీటి వసతిని బట్టి ఎలా తెలుసుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ఆసుపత్రి పత్రికలో తోటపని గురించి ఎందుకని మీరు అడగవచ్చు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను కూడ సగం మందికి పైగా స్త్రీలు ఈ లెక్కలోనే ఉన్నారు. రక్తం తక్కువగా ఉన్నదని డాక్టరుగారు చెప్పిన ప్రతి తల్లికి మాత్రలతోపాటు ఆకుకూరలు, కూరగాయలు తినమని కూడ చెబుతాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు అవసరమని చెబుతున్నది. అయితే ఏప్రిల్, మే నెలల్లో బజారులో ఆకుకూర కట్ట చిన్నదవుతుంది, ధర పెరుగుతుంది. కూలి పనులు కూడ తగ్గే ఆ రోజుల్లోనే పేద కుటుంబం పళ్ళెంలో కూర తగ్గిపోతుంది. ఆ రెండు నెలలు మన పెరట్లో కూర ఉండాలంటే, విత్తనం జనవరి చివరనుండి ఫిబ్రవరి మధ్యలోపు నేలలో పడాలి.

ముందుకు వేస్తే ఏమవుతుంది? వెనక్కు వేస్తే ఏమవుతుంది?

వేసవి కూరగాయలకు మన ప్రాంతంలో రెండు హద్దులున్నాయి. ఒక వైపు చలి, ఇంకొక వైపు ఎండ. ఈ రెంటి మధ్య ఉన్న కొద్ది వారాలే మనకు దొరికే మంచి సమయం.

బెండ, బీర, సొర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి – ఇవన్నీ వెచ్చదనాన్ని కోరే మొక్కలు. నేల 25 నుండి 30 డిగ్రీల మధ్య ఉంటే వీటి గింజ నాలుగైదు రోజుల్లో, మహా అయితే వారంలో పైకి వస్తుంది. రాత్రులు బాగా చల్లగా ఉండి నేల 16, 17 డిగ్రీల కంటే కిందికి పోతే గింజ నీరు తాగి ఉబ్బుతుంది కాని మొలవదు. అట్లా తడిసి పడివున్న గింజను బూజు పట్టి కుళ్ళిస్తుంది, లేదా చీమలు ఎత్తుకుపోతాయి. ఒకవేళ మొలిచినా రెండాకులు పసుపు రంగుకు తిరిగి, మొక్క పదిహేను రోజులు కదలకుండా అక్కడే నిలబడిపోతుంది. తరువాత రెండు వారాలకు వేసిన విత్తనం దానిని దాటి పెరగడం మీరు చూసే ఉంటారు. కాబట్టి తొందరపడి వేసినందువల్ల కాపు ముందుగా రాదు.

ఆలస్యం చేస్తే వచ్చే నష్టం ఇంకా ఎక్కువ. ఎండ 40 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి పూలలోని పుప్పొడి పాడవుతుంది. పూత వస్తుంది కాని రాలిపోతుంది. బీర, సొర, కాకర వంటి పాదులలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా ఉంటాయి. పిందె పట్టేది ఆడపూవుకే. ఎండ ముదిరి పగటి పొద్దు పెరిగే కొద్దీ ఈ తీగలు మగపూలనే ఎక్కువగా పూస్తాయి. "తీగ నిండా పూలే, ఒక్క కాయ లేదు" అని చెప్పేవారి ఇంట్లో చాలాసార్లు జరిగింది ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. బెండ విత్తనం వేసిన 40, 45 రోజులకు పూతకు వస్తుంది. పూసిన ఐదారు రోజులకు కాయ కోతకు వస్తుంది. ఫిబ్రవరి 5న గింజ వేస్తే మార్చి 20 ప్రాంతంలో పూత, మార్చి చివరనుండి కోత. అక్కడినుండి నీరు అందితే మే నెలలోకి కూడ కాస్తుంది. అదే గింజను మార్చి 15న వేస్తే పూత ఏప్రిల్ చివరకు వస్తుంది. అప్పటికి ఖమ్మంలోను, రామగుండంలోను, రెంటచింతలలోను ఎండ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. గింజ అదే, ఎరువు అదే, మనిషి కష్టం అదే. తేడా వచ్చింది నలభై రోజుల దగ్గరే.

అందువల్ల విత్తే రోజును నిర్ణయించేటప్పుడు ఈ వారం చలిని ఒక్కటే చూడకూడదు. పూత వచ్చే రోజును కూడ లెక్క చూసుకోవాలి. బెండ, దోసకు 40, 45 రోజులు. గోరుచిక్కుడు, బీరకు 45 నుండి 55 రోజులు. సొర, కాకర, పొట్లకు 50 నుండి 60 రోజులు పడుతుందని సుమారుగా గుర్తుపెట్టుకోండి. రకాన్ని బట్టి కొంచెం అటు ఇటు అవుతుంది. ఎక్కువ రోజులు తీసుకునేవాటిని ముందు వేయాలి, తక్కువ రోజులవి తరువాత వేసినా ఫరవాలేదు.

తేదీని కాదు, మూడు గుర్తులను చూడండి

శివరాత్రి ఒక్కొక్క ఏడు ఫిబ్రవరి మధ్యలో వస్తుంది, ఒక్కొక్క ఏడు మార్చిలో వస్తుంది. భస్మ బుధవారము కూడ అంతే, ఫిబ్రవరి మొదటి వారం నుండి మార్చి రెండవ వారం వరకు ఎప్పుడైనా రావచ్చును. పండుగ తేదీ మారినంత మాత్రాన నేల వెచ్చదనం మారదు. కాబట్టి పండుగలను గుర్తు కోసం ఉంచుకొని, నిర్ణయం మాత్రం ఈ మూడింటిని చూసి చేయండి.

మొదటి గుర్తు – రాత్రి చలి. వార్తాపత్రికలోను, టీవీలోను, ఫోనులోను మీ ఊరి కనిష్ఠ ఉష్ణోగ్రత వస్తుంది. అది వరుసగా ఒక వారం రోజులు 16 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే తీగజాతి కూరగాయలకు, బెండకు సమయం వచ్చినట్లే. ఒక రోజు వెచ్చగా ఉండి మరునాడు మళ్ళీ చలి పడితే ఆగండి. ఆ వివరం దొరకనివారు తెల్లవారుజామున దుప్పటి అవసరం తగ్గిందా లేదా చూసుకుంటే చాలు.

రెండవ గుర్తు – నేల. ఉదయం ఏడెనిమిది గంటలకు మడిలో వేలును రెండు కణుపుల లోతుకు దించండి. మట్టి వేలికి చురుక్కుమనేటంత చల్లగా ఉంటే ఇంకా సమయం కాలేదు. ఎర్రనేల, ఇసుకనేల త్వరగా వేడెక్కుతాయి. నల్లరేగడి తడిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి ఆలస్యంగా వేడెక్కుతుంది. ఒకే వీధిలో ఎర్రనేల ఉన్న ఇంటివారు వారం ముందుగా వేసుకోవచ్చును, నల్లనేల ఉన్నవారు వారం ఆగాలి. గోడ నీడ మధ్యాహ్నం దాకా పడే మడి కూడ ఆలస్యంగానే వేడెక్కుతుంది.

మూడవ గుర్తు – నీరు. మనవారు ఎక్కువగా మరచిపోయేది ఇదే. ఫిబ్రవరిలో బోరు నిండుగా ఉంటుంది. అప్పుడు ఎంత విత్తనమైనా వేయగలమనిపిస్తుంది. కాని ఆ మొక్క తాగేది ఏప్రిల్‌లో. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న మడి నిండా మొక్కలుంటే ఎండాకాలంలో రోజుకు సుమారు 50 నుండి 60 లీటర్ల నీరు కావాలి, అంటే పెద్ద బిందెతో మూడు నాలుగు బిందెలు. పోయిన ఏప్రిల్‌లో మీ ఇంట్లో తాగడానికి, వంటకు, స్నానాలకు పోగా ఎన్ని బిందెలు మిగిలినాయో గుర్తు తెచ్చుకోండి. రెండే మిగిలితే సగం మడి మాత్రమే వేయండి. నీరు చాలక ఎండిపోయే పెద్ద మడికంటె, చివరిదాకా పచ్చగా ఉండే చిన్న మడి మేలు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీటిని పారబోయకుండా మొక్కలకు పోయండి. బట్టలు ఉతికిన సబ్బు నీటిని మాత్రం ఆకుకూరలకు పోయవద్దు.

మొక్కలు జానెడు ఎత్తుకు రాగానే మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు గాని, వరిగడ్డి గాని రెండు అంగుళాల మందం పరిస్తే నేల తేమ త్వరగా ఆరిపోదు. నీరు సాయంత్రం గాని, తెల్లవారుజామున గాని పోయాలి.

పది గింజల పరీక్ష

ఇంకా అనుమానంగా ఉంటే ఖర్చులేని ఒక పరీక్ష ఉన్నది. బెండ గింజలు ఇరవై తీసుకోండి. పది గింజలను తడి గుడ్డలో మూటగట్టి రాత్రింబగళ్ళు వసారాలో, ఎండ తగలని చోట ఉంచండి. ఇంకొక పది గింజలను అట్లాగే మూటగట్టి వంటింట్లో పొయ్యికి కొంచెం దూరంగా, వెచ్చగా ఉండే చోట పెట్టండి. గుడ్డ ఆరిపోకుండా రోజూ తడుపుతుండాలి. వారం తరువాత విప్పి చూడండి.

రెండు మూటల్లోను ఏడెనిమిది మొలిస్తే – విత్తనం మంచిది, సమయం వచ్చింది. వెంటనే వేయండి.

వంటింట్లోవి మొలిచి, వసారాలోవి మొలవకపోతే – విత్తనం మంచిదే, బయట చలి ఇంకా ఉన్నది. వారం, పది రోజులు ఆగండి.

రెండింటిలోను మొలవకపోతే – విత్తనం పాతది. చలిని అనవద్దు. కొత్త విత్తనం తెచ్చుకోండి.

విత్తనాల పొట్లం కొనేటప్పుడు దానిమీద పరీక్ష చేసిన తేదీ, ఎప్పటివరకు వాడవచ్చునో ఆ తేదీ చూడండి. కొన్ని పొట్లాలమీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో విత్తుకోవాలని అచ్చువేసి ఉంటుంది. ఉత్తర భారతంలో జనవరి అంతా గట్టి చలి కాబట్టి అది వారికి సరిపోతుంది. మన మైదాన ప్రాంతాల్లో ఎండ ముందుగా వస్తుంది గనుక మనం రెండు మూడు వారాలు ముందే విత్తుకోవాలి.

ఏ ప్రాంతంవారు ఎప్పుడు?

కోస్తా తీరంలో – విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వంటి చోట్ల సముద్రపు గాలివల్ల రాత్రి చలి ఎక్కువగా ఉండదు. సంక్రాంతి తరువాతి వారం నుండే తీగజాతి విత్తనాలు వేసుకోవచ్చును.

హైదరాబాదు, వరంగల్లు, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం వైపు జనవరి ఆఖరి వారం నుండి ఫిబ్రవరి మధ్యవరకు మంచి సమయం. అనంతపురం వంటి చోట నీటి లెక్కే ముందు చూడాలి.

ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు చలి గట్టిగా ఉంటుంది. ఫిబ్రవరి రెండవ వారం దాకా ఆగడం మంచిది.

అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి వంటి ఏజెన్సీ గ్రామాల్లో కథ వేరు. లంబసింగిలో కొన్ని ఏండ్లు చలికాలపు తెల్లవారుజామున గడ్డిమీద మంచు గడ్డకట్టినంత చలి ఉంటుంది. అక్కడివారు ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వేసుకోవాలి. కొండమీద ఎండ అంతగా ముదరదు కాబట్టి వారికి ఆలస్యంవల్ల నష్టం తక్కువ.

ఏది ముందు, ఏది తరువాత?

అన్ని విత్తనాలను ఒకే రోజున వేయనవసరం లేదు.

1. చలిని ఇష్టపడేవి – పాలకూర, మెంతికూర, కొత్తిమీర. వీటిని ఆఖరిసారిగా జనవరిలోనే వేసుకోవాలి. ఎండలు వచ్చాక వేస్తే కొత్తిమీర సరిగా మొలవదు, పాలకూర త్వరగా పూతకు వస్తుంది. మిగతావాటికి నేల వేడెక్కేవరకు ఎదురుచూస్తున్న రోజుల్లో ఈ మడి మీకు కూర ఇస్తుంది.

2. వెచ్చదనం కావలసినవి – ముందుగా సొర, కాకర, పొట్ల, బీర. తరువాత గోరుచిక్కుడు, బెండ, దోస. పైన చెప్పిన మూడు గుర్తులు కనబడగానే వేయాలి.

3. ఎండకు తట్టుకొనేవి – తోటకూర, బచ్చలి, గోంగూర. ఫిబ్రవరి నుండి మొదలుపెట్టి, తోటకూరను పదిహేను రోజులకొకసారి చిన్న మడిగా వేస్తుండండి. 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది. ఒకేసారి అంతా వేస్తే ఒక వారం తినలేనంత, మరుసటి నెల ఏమీ లేనంత అవుతుంది.

చలి ఇంకా ఉన్నా పని మొదలుపెట్టాలనుకొనేవారికి ఒక మార్గం ఉన్నది. పాల కవర్లు, చిన్న ప్లాస్టిక్ సంచుల అడుగున రెండు చిల్లులు పెట్టి, మట్టి, చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపి, సంచికి రెండు గింజల చొప్పున బీర, సొర, కాకర వేయండి. రాత్రి ఇంట్లోనో వసారాలోనో ఉంచి, పగలు ఎండలో పెట్టండి. పన్నెండు, పదిహేను రోజులకు రెండు మూడు ఆకులు వస్తాయి. ఆ పాటికి నేల వేడెక్కుతుంది. అప్పుడు కవరు కోసి, మట్టిగడ్డ విడిపోకుండా పాదులో నాటాలి. ఈ తీగల వేరు కదిలితే తట్టుకోలేవు, కాబట్టి పీకి నాటవద్దు. ఈ విధంగా రెండు వారాలు మనకు కలిసివస్తాయి.

వేసే ముందు బెండ గింజలను ఒక రాత్రి, గట్టి పెంకు ఉండే కాకర గింజలను ఒక పగలు, ఒక రాత్రి నీటిలో నానబెట్టండి. పెద్ద గింజలను ఒక అంగుళం లోతులో వేయాలి. తోటకూర గింజలు చాలా సన్నవి గనుక సన్నని ఇసుకలో కలిపి పైపైన చల్లి, పలుచగా మట్టి కప్పితే చాలు.

గుర్తులన్నీ చూడమన్నాము కదా అని ఆఖరి చలిగాలి కూడ పోయేదాకా కూర్చుంటే పని జరగదు. సగం గింజలు ఈ వారం వేయండి, సగం పది రోజుల తరువాత వేయండి. ఒకటి దెబ్బతిన్నా ఒకటి నిలుస్తుంది.

తోటపనిలో ఆరోగ్య జాగ్రత్తలు

చెప్పులు వేసుకొని పని చేయండి. బహిరంగంగా మలవిసర్జన జరిగే చోట్ల మట్టిలో కొంకి పురుగు పిల్లలుంటాయి. అవి ఉత్త కాళ్ళ చర్మంగుండా లోనికి పోయి, పేగులకు చేరి, అక్కడ రక్తం తాగుతాయి. రక్తం పెరగడానికి తోట వేసి, ఆ తోటలోనే రక్తం పోగొట్టుకోకూడదు కదా! 2015 నుండి ప్రభుత్వం ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లోను, అంగన్‌వాడీల్లోను ఏడాది నుండి 19 ఏండ్ల వయసు పిల్లలకు నులిపురుగుల మాత్రలు ఇస్తున్నది. మీ పిల్లలకు తప్పక వేయించండి. మధుమేహమున్నవారికి కాళ్ళలో స్పర్శ తగ్గి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వారు ఉత్త కాళ్ళతో తోటలోకి అసలు వెళ్ళరాదు. పని అయ్యాక పాదాలు కడుక్కొని, తుడుచుకొని, ఏమైనా గాయముందేమో చూసుకోవాలి.

పార, కొడవలి, తుప్పు మేకు తగిలి గాయమైతే సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, ధనుర్వాతం ఇంజక్షను అవసరమేమో అదే రోజున ఆసుపత్రిలో అడగండి. గాయానికి పేడ, మట్టి, పసరు పూయవద్దు.

పచ్చి పేడను, మురుగు నీటిని ఆకుకూరలకు వేయవద్దు. బాగా చివికిన ఎరువునే వాడండి. కోసిన ఆకులను మూడు నీళ్ళలో కడగండి. పురుగు కనబడితే ముందు చేత్తో ఏరివేయండి. తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి చల్లండి. పొలానికి తెచ్చిన పురుగుమందును పెరటి కూరలమీద చల్లవద్దు, ఇంట్లో కూల్‌డ్రింకు సీసాల్లో పోసి దాచవద్దు. పిల్లలు నీళ్ళనుకొని తాగే ప్రమాదమున్నది.

నీరు పట్టే డ్రమ్ములకు, తొట్లకు మూత పెట్టండి. వారానికొకసారి పూర్తిగా ఖాళీచేసి, రుద్ది, ఆరబెట్టండి. డెంగీ దోమ మంచినీటి నిలువలోనే పెరుగుతుంది. మార్చి నుండి తోటపని ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం అయిదు తరువాత చేసుకోండి. ఆకుల కుప్పల్లో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించండి. పాము కరిస్తే కట్లు బిగించడం, గాటు పెట్టడం చేయక, మనిషిని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి.

పెరటి కూర, మాత్ర – రెండూ కావాలి

ఆకుకూరల్లోని ఇనుమును మన శరీరం కొద్ది భాగమే తీసుకోగలదు. కాబట్టి తోటకూర తింటున్నానని మాత్రలు మానివేయవద్దు. గర్భవతి అయిన తల్లి నాలుగవ నెలనుండి రోజుకొక ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరి 180 రోజులు వేసుకోవాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత క్రింద లెక్క. ఎంత మోతాదు అవసరమో డాక్టరుగారు చెబుతారు. ఆకుకూరలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం, కంటికి మేలుచేసే విటమిన్ ఎ కూడ ఉన్నాయి. కూర దించిన తరువాత నిమ్మరసం పిండుకొని తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ తాగవద్దు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు, గుండె కవాటం మార్పిడి జరిగి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నవారు ఆకుకూర ఎంత తినాలో తమ డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి.

మీరు అడిగే ప్రశ్నలు

మాకు పెరడు లేదు, మిద్దె మాత్రమే ఉన్నది. ఎప్పుడు వేయాలి?
మిద్దెమీద కుండీ మట్టి నేలకంటె ముందు వేడెక్కుతుంది, ముందు ఆరిపోతుంది కూడ. కాబట్టి నేలమీదకంటె ఒక వారం ముందే వేయవచ్చును. బెండకు అడుగు లోతు కుండీ గాని, పాత సిమెంటు సంచి గాని చాలు. సంచిని బాగా దులిపి, కడిగి వాడండి. ఏప్రిల్ వచ్చేసరికి రెండు పూటలా నీరు పోయాలి, మధ్యాహ్నపు ఎండ తగలకుండా పాత చీర గాని, నీడ వల గాని కట్టాలి. కుండీ కింద పళ్ళెంలో నీరు నిలువనివ్వకండి.

మార్చి నెల వచ్చేసింది. ఈ ఏడు ఇక కుదరదా?
కుదురుతుంది. బీర, సొర జోలికి పోకుండా తోటకూర, బచ్చలి, గోంగూర, గోరుచిక్కుడు వేయండి. ఆకు కోసుకొనే మొక్కకు పూత రాలుతుందన్న బెంగ లేదు. బెండ, బీర విత్తనాలను గాలి చొరని డబ్బాలో, చల్లని చోట దాచి, మృగశిర కార్తె వానలు పడగానే జూన్‌లో వేయండి.

బెండ ఆకులు పసుపు పచ్చగా వలలాగ మారుతున్నాయి. చలివల్లనా?
కాదు. అది తెల్లదోమ వ్యాపింపజేసే వైరసు తెగులు. ఎండాకాలంలో ఎక్కువ. అట్టి మొక్కను పీకి దూరంగా పాతిపెట్టండి. విత్తనం కొనేటప్పుడే అర్క అనామిక వంటి, ఆ తెగులును కొంతవరకు తట్టుకొనే రకాన్ని అడగండి.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఆమె కూడ ఫిబ్రవరిలో వేయవచ్చునా?
వేయకూడదు. అక్కడ మంచు గడ్డకట్టే రాత్రులు పోయాకనే బయట వేయాలి. డల్లాసు ప్రాంతంలో అది సుమారుగా మార్చి మధ్యకు పోతుంది. న్యూజెర్సీ వైపు బెండ, బీరలకు మే నెల దాకా ఆగాలి. ఆ లోపు కిటికీ దగ్గర చిన్న కుండీల్లో మొలక పోయించుకోవచ్చును. చలి పోయిందా, పూత సమయానికి ఎండ ఎట్లా ఉంటుంది, నీరు ఉన్నదా – అడగవలసిన ప్రశ్నలు అక్కడా ఇవే.

ప్రియులారా, ఒక చిన్న మడి కుటుంబమంతటికీ రోజూ సరిపడే కూరను ఇవ్వలేదు. కాని వారానికి రెండు మూడు రోజులు ఆకుకూర, అప్పుడప్పుడు ఒక పూట బెండకాయ, ఒక సొరకాయ ఇవ్వగలదు. బజారులో కూర కొనలేని నెలలో అది చిన్న సంగతి కాదు. ముఖ్యంగా కోడలు, గర్భిణి, ఎదిగే ఆడపిల్ల అందరి తరువాత మిగిలినది తినే ఇళ్ళలో, పెరటి కూరలో మొదటి వడ్డన వారికే జరగాలని మనవి చేస్తున్నాము. ఈ వారమే మడిని తవ్వి, ఎరువు కలిపి, పది గింజల మూట కట్టి ఉంచండి. ప్రభువు మీ చేతుల కష్టమును, మీ పెరటిని, మీ భోజనపు బల్లను ఆశీర్వదించును గాక!